బంగారు రేకు తెల్లబడింది: ఒక పాత పళ్ళ డాక్టరు మందుల బీరువాపై కేస్ స్టడీ

కేసు

ఈ కేసు ఒక టేకు బీరువాది. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో చాలా ఏళ్ళు నడిచి మూతపడిన ఒక పళ్ళ డాక్టరు గారి గదిలోంచి అది మా కళాశాలకు వచ్చింది. నేను పనిచేసేది కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ విభాగంలో. రోజంతా పిప్పి పళ్ళు తొలిచి పూడ్చడమే పని. విభాగానికి చిన్న మ్యూజియం గది ఒకటి ఉంది, దాన్ని చూసుకునే బాధ్యత కూడా నాదే. బీరువాలో ఉన్నవి దాదాపు అన్నీ పళ్ళు పూడ్చిన మందులు, వాటిని కలిపిన సామాను: వెండి మిశ్రమం రజను సీసాలు, పాదరసం, జింక్ సిమెంట్ పొడులు, వాటి ద్రవాలు, సిలికేట్, గట్టాపెర్చా (చెట్టు పాల నుంచి వచ్చే రబ్బరు లాంటి పదార్థం) కడ్డీలు, గాజు కల్వం, గాజు పలకలు, ఒక చేతి సుత్తి.

నన్ను అడిగిన ప్రశ్న చిన్నది. మూడో సొరుగులో అరచేయంత పుస్తకం ఉంది. పల్చటి కాగితాల మధ్య లోహపు రేకులు. అట్ట మీది చీటీ ఊడిపోయింది. బీరువా దిగిన రోజు రాసిన జాబితాలో దాన్ని ‘తగరపు రేకు’ అని ఎక్కించారు. ప్రదర్శనలో పెట్టే ముందు అది తగరమేనా అని తేల్చి చెప్పమన్నారు. ఆ ప్రశ్న వెంటపడితే చివరికి బీరువానే గదిలోంచి బయటికి మోయించాల్సి వచ్చింది.

బీరువా ఎవరిది

ఇండియాలో మొదటి దంతవైద్య కళాశాలను డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో పెట్టారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల వచ్చింది 1959లో. అంతకు ముందు ఇక్కడ ఈ పని నేర్చుకోవాలంటే పై ఊరికి పోవాలి, లేదా ఒక డాక్టరు దగ్గర చేరి చూసి నేర్చుకోవాలి. 1948 డెంటిస్టుల చట్టం ఈ రెండో రకం వాళ్ళను కూడా లెక్కలోకి తీసుకుంది. గుర్తింపు ఉన్న చదువు చదివినవారి పేర్లు రిజిస్టరు ‘ఎ’ భాగంలోకి, చదువు లేకపోయినా అదే జీవనాధారంగా పనిచేస్తున్నవారి పేర్లు ‘బి’ భాగంలోకి వెళ్ళాయి. మన బీరువా యజమాని ‘బి’ భాగం మనిషి.

బీరువా ఇచ్చింది ఆయన కోడలు. పెద్దావిడ. సామాను అప్పగిస్తూ యథాలాపంగా ఒక మాట అన్నారు: “మా మామగారు ఏదీ పారేసేవారు కాదమ్మా. మందు అయిపోయినా సీసా కడిగి మళ్ళీ వాడేవారు.” ఈ కేసులో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సాక్ష్యం అదే. సీసా మీది చీటీ సీసా గురించి చెబుతుంది, లోపలున్న దాని గురించి చెప్పకపోవచ్చు. పాత మందుల పెట్టెలు చూసేవారు చీటీ చదివి జాబితా రాసేస్తారు. ఇక్కడ ఆ పని చేసి ఉంటే సగం జాబితా తప్పయ్యేది.

రేకు

పుస్తకం తెరిచే ముందు ఒక పని చేశాను. చార్మినార్ దగ్గర మిఠాయిల మీద వేసే వరఖ్ కొట్టే దుకాణానికి వెళ్ళి, ఇంత పల్చటి రేకులున్న పుస్తకం పేజీ ఎలా తిప్పాలో అడిగాను. ఆ పెద్దాయన తల కూడా ఎత్తకుండా “కాగజ్ పకడో అమ్మా, వరఖ్ కో నక్కో పకడో” అన్నాడు. కాగితాన్ని పట్టుకో, రేకును కాదు. కన్జర్వేషన్ పాఠాల్లో పేరాలు పేరాలుగా రాసే సంగతిని ఒక్క ముక్కలో చెప్పాడు.

కాగితం కింద వెదురు పుల్ల పెట్టి తిప్పితే మొదటి రేకు అంచుల చుట్టూ తెల్లగా, బూడిద రంగు కలిసి, నలిగితే పొడి అయ్యేలా ఉంది. లోపలికి పోయేకొద్దీ తెలుపు పలచబడింది. కుట్టు వైపున, మధ్యన పసుపు రంగు మిగిలింది. పుస్తకం నడిమి రేకుల్లో పసుపు ఎక్కువ, పైనా కిందా ఉన్నవాటిలో తక్కువ. తగరమైతే రేకంతా ఒకే రంగులో ఉండాలి. ఇక్కడ తెలుపు బయటి నుంచి లోపలికి నడిచింది. అంటే అది రేకు పుట్టుకతో వచ్చిన రంగు కాదు, గాలిలోంచి ఏదో వచ్చి పట్టింది.

జాబితా రాసినవారి ఊహ మరీ అర్థంలేనిది కాదు. తగరపు రేకును కూడా పళ్ళలో కూరేవారు. తగరాన్నీ బంగారాన్నీ కలిపి చుట్టి కూరినవారూ ఉన్నారు. అయినా ఈ సొరుగులో రేకుల పక్కనే చేతి సుత్తి, మొన మీద సన్నగా గళ్ళు చెక్కిన కూరుడు పనిముట్లు, స్పిరిట్ దీపం ఉన్నాయి. ఇవి బంగారం పని చేసే సామాను.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు డిగ్రీ పుచ్చుకునే పిల్లల్లో చాలామంది దాన్ని కళ్ళతో చూడరు. శుద్ధమైన బంగారానికి ఒక గుణం ఉంది. పైభాగం శుభ్రంగా ఉంటే చాలు, కరిగించకుండానే, ఒత్తిడి పెడితే ముక్కకు ముక్క అతుక్కుంటుంది. దీన్ని అమెరికా దంతవైద్యుడు రాబర్ట్ ఆర్థర్ 1855లో పళ్ళ పనిలోకి తెచ్చాడు. రేకును చిన్న చిన్న గుళికలుగా చుట్టి, స్పిరిట్ మంట మీద ఒక్క క్షణం వేడి చేసి, పంటి గుంటలో పెట్టి, పనిముట్టు ఆనించి సుత్తితో తట్టాలి. గుళిక మీద గుళిక. పన్ను చుట్టూ ఉమ్మి తగిలిందంటే అతుకు పోయినట్లే. అందుకే 1864లో శాన్‌ఫర్డ్ బార్నమ్ రబ్బరు డ్యామ్ (ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ బిగించే పల్చటి రబ్బరు తెర) కనిపెట్టాకే ఈ పని నిలకడగా సాగింది. దంతవైద్యులు వాడిన 4వ నంబరు రేకు నాలుగంగుళాల చదరం, నాలుగు గ్రెయిన్ల బరువు, అంటే గ్రాములో పావు వంతు. మందం ఒక మైక్రాన్ కన్నా కొంచెం ఎక్కువ. తయారీదారులు కొన్ని రేకులకు కావాలనే అమోనియా ఆవిరి పట్టించేవారు. ఆ పూత ఉన్నంతసేపు రేకులు ఒకదానికొకటి అంటుకోవు, మురికి వాయువులు లోహాన్ని పట్టవు. మంట మీద పెట్టగానే పూత ఎగిరిపోయి మళ్ళీ అతుకు వస్తుంది.

అమోనియా పూత కొన్ని వాయువులనే అడ్డుకుంటుంది. పాదరసం ఆవిరి ముందు దాని బలం చాలలేదు.

నిర్ధారణ

బంగారాన్ని తెల్లగా చేసేది ఏమిటో ఏ కంసాలిని అడిగినా చెబుతాడు. కానీ అనుమానం నిర్ధారణ కాదు. రేకును గీటురాయి మీద గీయలేం, ఆమ్లం వేయలేం. వస్తువుకు నష్టం లేకుండా చేసే పరీక్ష ఎక్స్‌రే ఫ్లోరసెన్స్. దాని మీద ఎక్స్‌రే కిరణాలు పడగానే ఒక్కో లోహం తనకు ప్రత్యేకమైన శక్తి ఉన్న కిరణాలను వెనక్కి వదులుతుంది.

ఇలాంటి యంత్రం హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఉంటుంది. సికింద్రాబాద్ పాట్ మార్కెట్ వైపు ఎవరినో అడిగితే పనైపోతుంది కదా అని మా సహోద్యోగి ఒకరు సలహా ఇచ్చారు. రెండు కారణాల వల్ల ఒప్పుకోలేదు. ఒకటి, పాదరసం పట్టిందని అనుమానం ఉన్న వస్తువును నగల మధ్యకు తీసుకెళ్ళడం బాధ్యత లేని పని. రెండోది సాంకేతికం. బంగారం ముఖ్య రేఖ 9.71 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) దగ్గర, పాదరసం రేఖ 9.99 దగ్గర పడతాయి. నగల పనికి సరిపోయే చవక డిటెక్టరుకు ఈ రెండూ ఒకే గుట్టగా కనిపించే ప్రమాదం ఉంది. మంచి సిలికాన్ డిటెక్టరు వాటిని విడదీస్తుంది. నగరంలోనే ఒక పరిశోధన సంస్థ యంత్రం తీసుకొని మా దగ్గరికే వచ్చింది.

మధ్యన పసుపు భాగంలో బంగారం. అంచున బంగారం, దాని పక్కనే పాదరసం. తగరం ఉంటే 25 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రేఖ రావాలి, ఎక్కడా రాలేదు. రేకు బంగారమే. తెలుపు, పాదరసంతో కలిసి ఏర్పడిన పొర.

పాదరసం ఆవిరిని కొలిచే మీటర్లలో ఒక రకం సరిగ్గా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. లోపల పల్చటి బంగారు పొర ఉంటుంది, పాదరసం పట్టగానే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. అంటే ఈ పుస్తకం ఆ సొరుగులో ఎవరూ చదవని మీటరుగా దశాబ్దాలు పనిచేసింది. అందుకే నాకు రేకు కన్నా దాని మీద పట్టిన తెలుపు విలువైనదిగా కనిపించింది. ఆ తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి.

ఆవిరి ఎక్కడిది

అదే సొరుగు వెనక మూలలో బెండు బిరడా బిగించిన గాజు సీసా. ఎత్తగానే చేయి కిందికి లాగింది. పాదరసం నీటికన్నా పదమూడున్నర రెట్లు బరువు. బిరడా ఎండి కుంచించుకుపోయింది. గది చీకటి చేసి, టార్చిని సొరుగు అడుగుకు ఏటవాలుగా పట్టుకొని చూస్తే చెక్క పగుళ్ళ పొడవునా మెరిసే పూసలు కనిపించాయి. తిన్నగా వెలుతురు వేస్తే ఇవి కనపడవు. పాత దంతవైద్యశాల సామాను తీసుకునే ఎవరికైనా ఈ పరీక్ష మొదట చేయమని చెబుతాను. ఖర్చు లేదు.

20 డిగ్రీల దగ్గర మూసిన చోట పాదరసం ఆవిరి నిండితే ఘనపు మీటరు గాలిలో 13 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. 30 డిగ్రీలకు అది రెట్టింపు దాటుతుంది. 40 డిగ్రీలకు 60 దాకా పోతుంది. అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు రోజుకు ఎనిమిది గంటల పనికి పెట్టుకున్న హద్దు 0.025 మిల్లీగ్రాములు. గాలి ఆడే గదిలో ఆవిరి ఎప్పుడూ నిండా చేరదు, అది నిజమే. కానీ మూసిన సొరుగు గది కాదు. పైగా లండన్, బాల్టిమోర్ మ్యూజియంల కోసం రాసిన నిల్వ సూచనలు చల్లటి గదిని ఊహించుకొని రాసినవి. మా గదికి పైన రేకుల కప్పు, పడమటి కిటికీ, మే నెల.

సొరుగు తెరిచిన క్షణంలో మీటరు హద్దు దాటింది. కిటికీలు తెరిచి ఉన్న గది మధ్యలో అంత లేదు. గదిని మూయించి, బీరువాను గాలి ఆడే వరండాలోకి మార్చాం.

ఇక్కడ పని క్రమం క్లుప్తంగా. ముందు అందరి ఉంగరాలు, గాజులు తీయించాం. పుస్తెలతాడు తీయనన్నవారిని పనికి దూరంగా ఉంచాం, బలవంతం చేయలేదు. చీపురు, వాక్యూమ్ క్లీనర్ రెండూ నిషేధం. చీపురు పెద్ద పూసను వంద చిన్న పూసలు చేస్తుంది, వాక్యూమ్ దాన్ని ఆవిరి చేసి గదంతా చల్లుతుంది. పూసలను డ్రాపరుతో, టేపుతో తీశాం. గంధకం చల్లితే చాలని అటెండరు దగ్గర నుంచి ప్రొఫెసరు దాకా అందరూ అన్నారు. గంధకం పాదరసంతో కలుస్తుంది, కానీ నెమ్మదిగా, అదీ పై పొర వరకే. పోగుచేశాక మిగిలిన పగుళ్ళ కోసం వాడాం తప్ప పోగుచేయడానికి బదులుగా కాదు. సొరుగు చెక్కలోకి దిగిన దాన్ని పూర్తిగా తీయలేం. సొరుగును గాలి చొరని సంచిలో మూసి, దానికి విడిగా నంబరు ఇచ్చాం. పారేయలేదు.

మెకానిక్ తాత చెప్పింది

ఆ డాక్టరు దగ్గర చిన్నప్పటి నుంచి పళ్ళ సెట్లు చేసిన డెంటల్ మెకానిక్ ఇంకా ఉన్నాడని కోడలుగారు చెప్పారు. ఆయన్ను కారులో పిలిపించాం. సామాను వరండాలో పరిచి ఉంది. దగ్గు బిళ్ళల డబ్బా ఒకటి తెరిచి, లోపలున్న బూడిద రంగు బిళ్ళలు చూపించి, ఇవి దేనికని అడిగాను. చీటీ లేదు, మాలో ఎవరికీ తెలియలేదు.

“గిది దగ్గు బిళ్ళ కాదు మేడం, రాగి బిళ్ళ. గీ చెంచల ఏసి స్పిరిట్ దీపం మీద పెడితే పైన చెమట లెక్క పూసలు తేలుతయి. తేలినయంటే దించాలె. ఇంక కాలిస్తే ఖరాబైతది. కల్వంల నూరి పిల్లల పండ్లకు పెడుతుండె మా సారు.”

“వాసన ఏమైనా వచ్చేదా తాతా?”

“పాదరసంకు వాసనేడుంటది బిడ్డా? వాసనుంటే దూరం జరుగుతుంటిమి.”

రాగి అమాల్గం అది, అంటే రాగిని పాదరసంతో కలిపిన మిశ్రమం. బిళ్ళలో మూడింట రెండు వంతుల దాకా పాదరసమే. వేడి చేస్తే మెత్తబడి, నూరితే ముద్దవుతుంది. పంట్లో పెట్టాక నల్లబడుతుంది, కానీ రాగికి సూక్ష్మక్రిములను చంపే గుణం ఉండటంతో పిల్లల పాలపళ్ళకు, సరిగ్గా తొలచలేని పళ్ళకు దాన్ని ఇష్టపడేవారు. దీపం పక్కన కూర్చొని చెంచాలో పాదరసం మరిగించిన ఆ గదులను తలచుకుంటే నా చేతులు చల్లబడ్డాయి. ఆయన మాత్రం నవ్వుతున్నాడు. పక్కనే ఉన్న, అడుగు నల్లగా కాలిన ఇనుప చెంచాను మేము ‘గుర్తు తెలియని వంటసామాను’ కింద పక్కకు పెట్టాం. ఆయన రాకపోతే అది అక్కడే ఉండేది.

వెండి అమాల్గం గురించి ఆయన చేత్తో చేసి చూపించాడు. రజను ఐదు పాళ్ళు, పాదరసం ఎనిమిది పాళ్ళు కల్వంలో నూరి, “సారు అరచేతిల ఏసి బొటనవేలుతోని మెదుపుతుండె. మెత్తటి తోలుల చుట్టి పిండితే ఎక్కువైన పాదరసం గిన్నెల పడ్తది. గది మళ్ళ సీసలనే పోస్తుండె.”

ఈ మాటతో మరో ముడి విడింది. సీసాలోని పాదరసం మీద బూడిద రంగు మీగడ కట్టి ఉంది. శుద్ధమైన పాదరసం అలా ఉండదు. పిండిన పాదరసంతో పాటు కరిగిన తగరం, వెండి సీసాలోకి తిరిగి చేరుతూ వచ్చాయి. గాలి తగిలి పైన తెట్టు కట్టింది. ఏదీ పారేయని మనిషి పాదరసాన్ని మాత్రం ఎందుకు పారేస్తాడు?

రజను సీసాల విషయానికి వస్తే, వెండి నాణేలు అరగదీసి పాదరసంతో కలిపిన పద్ధతి ప్యారిస్‌లో అగస్త్ తావో 1826 ప్రాంతంలో మొదలుపెట్టాడు. క్రాకూర్ సోదరులు 1833లో దాన్ని అమెరికా తీసుకెళ్ళి, రాజరిక ఖనిజమని ఆర్భాటంగా పేరు పెట్టి అమ్మారు. తర్వాత అక్కడి దంత శస్త్రవైద్యుల సంఘం 1845లో అమాల్గం వాడబోమని సభ్యుల చేత ప్రమాణం చేయించింది. ఆ తగాదాలోనే సంఘం 1856లో మూతపడింది. పాదరసం విషమన్న భయం ఒక కారణం, బంగారం పని చేసేవారి ఆదాయం ఇంకో కారణం. నా అంచనాలో రెండోదే బలమైనది. ఆ రోజుల్లో మిశ్రమాలు గట్టిపడ్డాక వ్యాకోచించో సంకోచించో పన్నును పగలగొట్టేవి లేదా సందు వదిలేవి. అమెరికా దంతవైద్యుడు జి. వి. బ్లాక్ 1895 నాటికి వెండి, తగరం పాళ్ళు సరిచేసి ఆ తిప్పలు తగ్గించాడు. మన సీసాల్లోని రజను ఆ బ్లాక్ తరహాదే: వెండి ఎక్కువ, తగరం తర్వాత, కొంచెం రాగి.

పింగాణీ కాని పింగాణీ

గాజు తలుపుల అరలో చిన్న చిన్న పొడి సీసాలు, ఒక్కోదాని మీద రంగు నంబరు. చీటీ మీద ‘సింథటిక్ పోర్సిలిన్’ అని ఉంది. పింగాణీ అయితే కొలిమి కావాలి. ఈ గదిలో కొలిమి ఎప్పుడూ లేదు. పక్కన దొరికిన అగేటు రాయి గరిటె అసలు సంగతి పట్టించింది. ఇది సిలికేట్ సిమెంట్. ఫ్లోరైడు కలిసిన గాజు పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపి, ముందు పళ్ళకు పన్ను రంగులో పెట్టేవారు. గాజు పొడి ఉక్కు గరిటెను అరగదీస్తుంది, ఆ ఇనుము సిమెంట్‌ను నల్లగా మారుస్తుంది. అందుకే రాయి. 20వ శతాబ్దం మొదటి పదేళ్ళలో జర్మనీ నుంచి వచ్చిన ఈ సిమెంట్‌కు పింగాణీ పేరు అంటించి అమ్మారు. అది నోట్లో కొన్నేళ్ళకు కరిగిపోయేది. అయినా దాని చుట్టూ పన్ను మళ్ళీ పుచ్చడం తక్కువని డాక్టర్లు గమనించారు, కారణం ఫ్లోరైడు. లండన్‌లో విల్సన్, కెంట్ 1970 ప్రాంతంలో తయారుచేసిన గ్లాస్ అయనోమర్ సిమెంట్ ఈ గాజు వంశంలోదే. ఇవాళ మా ఓపీలో రోజూ వాడుతున్నాం.

ఈ అరలో ప్రమాదం సిమెంట్‌ది కాదు. సిలికేట్‌ను పంటి ఆకారానికి నొక్కిపట్టే పారదర్శక పట్టీలు సెల్యులాయిడ్‌వి. సెల్యులాయిడ్ పాతబడితే నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది, తేమతో కలిస్తే నత్రికామ్లం. పట్టీలు పసుపెక్కి ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. వాటి కింది ఇత్తడి తక్కెడ పళ్ళెం ఆకుపచ్చగా తుప్పు పట్టింది, వాటికి దూరంగా ఉన్న రెండో పళ్ళెం మాత్రం బాగుంది. సెల్యులాయిడ్‌కు తేలిగ్గా నిప్పు అంటుకుంటుంది కూడా. నమూనా ఒకటి ఫోటో తీసి, చల్లటి చోట, గాలి ఆడే కాగితపు కవరులో, మిగతా వస్తువులకు దూరంగా పెట్టాం.

గట్టాపెర్చా కడ్డీల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. గాలి, వెలుతురు తగిలి పెళుసెక్కాయి. చీకట్లో చల్లగా ఉంచడం తప్ప చేసేదేమీ లేదు.

జింక్ ఫాస్ఫేట్ ద్రవం సీసాల్లో స్ఫటికాలు దిగాయి. నీరు పోయిందని గుర్తు. మెకానిక్ తాత ఇక్కడ ఇంకొకటి కలిపాడు: ఎండాకాలం ఐస్ గడ్డ మీద గాజు పలక పెట్టి దాని మీద సిమెంట్ కలిపేవారట. ఫాస్ఫేట్ సిమెంట్ కలిసేటప్పుడు వేడి పుట్టి త్వరగా బిగుస్తుంది, పలక చల్లగా ఉంటే ఆ బిగుపు ఆలస్యమవుతుంది. పలక మరీ చల్లబడితే తేమ పట్టి సిమెంట్ పాడవుతుంది. ఆయన పలక అంచును గుడ్డతో తుడిచే చేతివాటు చూపించాడు, వీడియో తీశాం. ఈ చేతివాటు పలకను చూస్తే తెలిసేది కాదు.

తెరవని సీసా

ముదురు గోధుమ రంగు సీసా ఒకటి, మెడ దగ్గర నల్లటి అద్దపు పొర, మూత చుట్టూ గట్టిపడిన పెంకు. చీటీలో మిగిలిన అక్షరాలు సిల్వర్ నైట్రేట్‌వి. పక్క సీసాలో ఇంకా లవంగ నూనె వాసన. ఈ జంటను చూడగానే చేతులు వెనక్కి తీసుకున్నాను. అమెరికా దంతవైద్యుడు పెర్సీ హౌ 1917లో చెప్పిన పద్ధతిలో అమోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ పుచ్చు మీద రాసి, లవంగ నూనెలోని యూజినాల్‌తోనో ఫార్మలిన్‌తోనో వెండిని దించేవారు. అమోనియా కలిసిన ఆ ద్రవం నిల్వ ఉండి ఎండితే పేలే సమ్మేళనాలు ఏర్పడతాయి. మూత తిప్పే రాపిడే చాలు. ఇది సీసాలు కడిగి మళ్ళీ వాడే మనిషిది కాబట్టి, లోపల మామూలు సిల్వర్ నైట్రేటే ఉండి ఉండవచ్చు. ఆ ఆశ మీద ఎవరూ మూత తిప్పరు. కదపకుండా ఫోటోలు తీసి, ప్రమాదకర రసాయనాల పని తెలిసిన వారికి అప్పగించాం. మ్యూజియంలో ఇప్పుడు దాని ఫోటో మాత్రమే ఉంది.

చేయని పనులు

రేకును స్పిరిట్ దీపం మీద ఒక్క క్షణం పెడితే మళ్ళీ పచ్చగా అవుతుంది కదా అని మా విభాగంలో సీనియర్ సార్ ఒకరు అన్నారు. వేడికి పాదరసం పోతుందన్న మాట నిజం. అయితే ఆ పాదరసం పోయేది మన ఊపిరిలోకి. పాదరసం పోయాక మిగిలే బంగారం గుల్లబారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బీరువాలో ఏం జరిగిందో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యం ఆ తెలుపు. ‘నిగనిగలాడే బంగారం పెడితే చూడ్డానికి వస్తారు’ అన్నారాయన. రావచ్చు. బంగారం చూడాలనుకునేవారికి ఊళ్ళో దుకాణాలకు కొదవ లేదు.

ఇత్తడి పళ్ళెం తోమలేదు. చీటీలు కొత్తగా రాయలేదు. ఊడినవాటిని వాటి కవర్లలో, ఏ సీసా దగ్గర దొరికిందో రాసి పెట్టాం.

పాదరసం విషయంలో మాలో భేదాభిప్రాయం మిగిలింది. అంతా పంపించేయాలని కొందరు. ప్రమాదకర వ్యర్థాల 2016 నియమాల కింద అధీకృత సంస్థకు దాదాపు అంతా పంపాం. తెట్టుతో సహా ఒక చుక్క మాత్రం గాజు ఆంపూల్‌లో మంటతో మూయించి, పగలని రెండో డబ్బాలో పెట్టి ఉంచాను. పిండి తిరిగి పోసిన పాదరసం ఒక వృత్తి అలవాటుకు ఆనవాలు, అది పంపించేస్తే తిరిగి దొరకదు. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందాన్ని ఇండియా 2018లో ఆమోదించింది. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, డాక్టరు అవసరమని భావిస్తే తప్ప, అమాల్గం వాడవద్దని 2022లో ఆ ఒప్పందంలో చేర్చారు. ఐరోపా సంఘం 2025 జనవరి నుంచి దాదాపు పూర్తిగా ఆపేసింది. ఇక్కడ కల్వం, తోలు, అరచేయి మాయమై చాలా కాలమైంది. కొద్ది రోజులకు అమాల్గమే మ్యూజియం వస్తువవుతుంది. అప్పుడు ఆ ఆంపూల్ ఎందుకు ఉంచావని ఎవరూ అడగరని నా నమ్మకం.

నమోదు

రిజిస్టరులో ‘తగరపు రేకు’ అన్న మాటను కొట్టేయలేదు. దాని కింద కొత్త వాక్యాలు చేర్చాం: “పళ్ళు పూడ్చే బంగారు రేకుల పుస్తకం. చీటీ లేదు. మొదటి నమోదు తగరమని. ఎక్స్‌రే పరీక్షలో బంగారం, అంచుల్లో పాదరసం. తెల్లదనం నిల్వలో వచ్చింది, తయారీలో వచ్చింది కాదు. వేడి చేయరాదు, తుడవరాదు.” రాగి బిళ్ళలకు, చెంచాకు, గాజు పలకకు మెకానిక్ తాత వీడియో నంబరు జత చేశాం. వస్తువు ఎక్కడికి పోతే ఆ నంబరు అక్కడికి పోవాలి.

ప్రదర్శనలో రేకుల పుస్తకం మూసిన గాజు పెట్టెలో, సగం తెరిచి, పసుపు తెలుపు రెండూ కనిపించేలా ఉంది. పాదరసం పట్టే పదార్థం పెట్టె అడుగున ఉంచాం. నల్లబడిన చెంచా దాని పక్కనే.

నాలుగో సొరుగులో వల్కనైట్ పళ్ళ సెట్లున్నాయి. గంధకంతో గట్టిపరచిన ఆ రబ్బరు పాతబడ్డాక గంధకపు వాయువులు వదులుతుంది, వెండి దగ్గర ఉంటే నల్లబరుస్తుంది. మన రజను సీసాల మూతలు కొన్ని ఇప్పటికే నల్లగా ఉన్నాయి. ఆ సొరుగు ఇంకా పూర్తిగా చూడలేదు. వానలు తగ్గాక మెకానిక్ తాతను మళ్ళీ పిలుస్తున్నాం, ఆ సెట్లలో కొన్ని ఆయన చేతి పనే.